చుట్టాలు వెళ్ళిపోయాక మిగిలే గంట

సభకు నమస్కారం. ఈ ఆదివారపు సమావేశంలో గృహజీవనం గురించి మాట్లాడమని గ్రంథాలయం వారు అడిగినప్పుడు, ముప్పై మూడేళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని కాబట్టి నాలుగు పద్యాలు చదివి, రెండు శ్లోకాలకు అర్థం చెప్పి కూర్చోవచ్చునని మొదట అనుకున్నాను. కానీ ఈ హాల్లో ఉన్నవారిని తలచుకుంటే, మనలో సగం మంది ఇళ్ళలో ఇప్పుడు ఇద్దరేసి మనుషులే ఉంటున్నారు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల అవతలో స్థిరపడ్డారు. అందుకని నేను ఆ ఇద్దరి గురించి, వాళ్ళ ఇంటికి వచ్చిపోయే మనుషుల గురించి, మరీ ముఖ్యంగా వచ్చినవాళ్ళు వెళ్ళిపోయిన తరువాత ఆ ఇంట్లో మిగిలే ఒక గంట గురించి మాట్లాడదలచుకున్నాను.

ఇద్దరే ఉన్న ఇంట్లో మాట పలచబడుతుంది. దానికి కోపతాపాలు అక్కర్లేదు. ఒకరికి ఏం కావాలో ఇంకొకరికి అడగకుండానే తెలిసిపోవడం చాలు. ఆయనకు చారులో ఉప్పు ఎంత ఉండాలో నాకు తెలుసు, నాకు మోకాలు ఏ వేళకు నొప్పి పుడుతుందో ఆయనకు తెలుసు. పొద్దున్న పేపరు, పదకొండింటికి కూర తరగడం, రెండింటికి కునుకు, నాలుగింటికి కాఫీ. వీటికి మాటలు అవసరం లేదు. ఒక రోజు నేను లెక్క చూసుకుంటే, పొద్దుటినుంచి రాత్రి దాకా మేమిద్దరం అనుకున్న మాటలు మందుల గురించీ కరెంటు బిల్లు గురించీ తప్ప వేరే ఏమీ లేవని తేలింది. మా మధ్య ప్రేమ తగ్గిందని నేను అనుకోలేదు. కానీ మాట్లాడుకోవడానికి కొత్తగా ఏదీ ఇంట్లోకి రావడం లేదని మాత్రం అర్థమయింది.

కిందటి కార్తికంలో, పౌర్ణమి మర్నాడు, మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో మా గేటు గొళ్ళెం చప్పుడయింది. మా పెరట్లో కాకి అరిచిందో లేదో నేను గమనించలేదు కానీ, తలుపు తీసేసరికి సామర్లకోట నుంచి మావారి పాత స్నేహితుడు, ఆయన భార్య, చేతిలో తడిబట్టల సంచీతో నిలబడి ఉన్నారు. వాళ్ళు పౌర్ణమి స్నానానికని పుష్కరఘాట్‌కు వచ్చి, తెలిసినవాళ్ళ ఇంట్లో రాత్రి పడుకుని, రైలుకు ఇంకా మూడు గంటల వ్యవధి ఉందని ఇటు వచ్చారు. “ఫోను చేద్దామనుకున్నాం చెల్లెమ్మా, చేస్తే నువ్వు వంటింట్లో దూరిపోతావని చేయలేదు” అన్నారాయన. కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళిచ్చాను, తాగడానికి మంచినీళ్ళిచ్చాను, “కాఫీ తాగుతారా” అన్నాను, “ఇప్పుడే తాగి వచ్చాం” అన్నారు. తెలుగు ఇళ్ళలో ఈ రెండు మాటలూ పరస్పర మర్యాద కోసం అనుకునేవే తప్ప వాటిని ఎవరూ సమాచారంగా తీసుకోరు కాబట్టి నేను వంటింట్లోకి వెళ్ళాను.

చెప్పకుండా వచ్చిన చుట్టానికి ఉప్మాను మించిన పలహారం లేదు. సకినాలకు బియ్యం నానాలి, పెసరట్టుకు పెసలు నానాలి, రాయలసీమవారి ఉగ్గానికి బొరుగులు ఇంట్లో ఉండాలి. బొంబాయి రవ్వ మాత్రం ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక డబ్బాలో ఉంటుంది. నెయ్యి వేసి రవ్వను కమ్మటి వాసన వచ్చే దాకా వేయించి పక్కన పెట్టుకోవాలి. ఆవాలు, సెనగపప్పు, మినపప్పు, జీడిపప్పు పోపు వేసి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక, గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి, తెర్లిన తరువాత ఒక చేత్తో రవ్వ జల్లుతూ ఇంకో చేత్తో కలుపుతూ ఉండాలి. ఈలోగా ముందు గదిలోంచి మాటలు వినిపిస్తూ ఉంటాయి. నా నలభై రెండేళ్ళ కాపురంలో నేను విన్న సంగతుల్లో సగం, వంటింట్లో గరిట తిప్పుతూ గోడ అవతలినుంచి విన్నవే.

ఆ రోజు నేను విన్నది ఇది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు మావారికి ఇరవై రెండేళ్ళు. గుడివాడ స్టేషనులో ఆయన, ఈ స్నేహితుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన గుమాస్తాలు. అదీ కార్తిక మాసమే. వేలమంది ప్రాణాలు తీసిన ఆ ఉప్పెన తరువాత బందరు వైపు నుంచి వచ్చినవాళ్ళు కొందరు ఒంటిమీద బట్టలతో ప్లాట్‌ఫారం మీద చేరితే, ఈ ఇద్దరు కుర్రవాళ్ళూ ఎవరో తెచ్చిన పెద్ద గుండిగలో పులగం వండారట. ఇద్దరికీ వంట రాదు. పెసరపప్పు, బియ్యం ఒకేసారి పోసేసి, మంట ఎక్కువ పెట్టి అడుగంతా మాడ్చేశారు. ఆ గుంపులో రెండు రోజులుగా ఏమీ తినని ఒక చిన్నపిల్ల ఉందిట. ఎవరు పెట్టినా నోరు తెరవని ఆ పిల్ల, మావారు గుండిగ అడుగు గీకి ఆ మాడు చేతిలో పెడితే, అది మాత్రం కొరుక్కుని తిన్నదిట. “వీడు ఆ మూడు రోజులూ ఆ పిల్ల కోసం కావాలని అడుగు మాడ్చాడమ్మా” అన్నారు ఆ స్నేహితుడు, గొంతు కాస్త పెంచి, నాకు వినబడాలనే.

నేను గరిట ఆపేశాను. మాకు పెళ్ళయింది 1983లో. ఆనాటినుంచీ అన్నం వండిన గిన్నెకైనా, పాలు కాచిన గిన్నెకైనా, ఉప్మా చేసిన మూకుడుకైనా, అడుగున పట్టుకున్న మాడు మావారు గీకి తినకుండా నేను ఒక్క రోజు అంట్లు వేయలేదు. అది ఆయన జిహ్వచాపల్యమని అనుకున్నాను. మా అత్తగారు కూడా అలాగే అనుకునేవారు. ఎందుకు తింటారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒక మనిషి ప్యాసింజరు రైలు దిగి మా గడప తొక్కకపోతే ఆ సంగతి నాకు ఈ జన్మలో తెలిసేది కాదు.

మీకందరికీ తెలిసిన కుచేలుని కథను ఆ రాత్రి నేను మరొక్కసారి తలచుకున్నాను. బడిలో ఎన్నో ఏళ్ళు దాన్ని స్నేహానికి నిదర్శనంగానే పాఠం చెప్పాను. కానీ ఆ కథలో ఒక ఇల్లాలు కూడా ఉంది. కుచేలుడు వచ్చినప్పుడు కృష్ణుడు ఎదురేగి తన పాన్పు మీద కూర్చోబెట్టుకుని కాళ్ళు కడుగుతాడు, రుక్మిణి పక్కన నిలబడి వీస్తుంది. అప్పుడు స్నేహితులిద్దరూ సాందీపని గురుకులంలో గడిపిన రోజులు చెప్పుకుంటారు. గురుపత్ని కట్టెలు తెమ్మని పంపితే అడవిలో గాలివానలో చిక్కుకుని, చీకట్లో దారి తెలియక, రాత్రంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తిరిగిన సంగతి అక్కడే వస్తుంది. ద్వారకలో అంతటి వైభవం మధ్య బతికిన రుక్మిణికి, తన భర్త ఒకప్పుడు వానలో తడిసి వణికిన కుర్రవాడని అతిథి వల్లనే తెలిసి ఉంటుందని నాకిప్పుడు అనిపిస్తుంది. కృష్ణుడు రెండో గుప్పెడు అటుకులు నోట్లో వేసుకోబోతే రుక్మిణి చెయ్యి పట్టుకుని ఆపడానికి పెద్దలు చెప్పే కారణాలు వేరే ఉన్నాయి, వాటిని నేను కాదనను. కానీ కాపురం చేసినదాన్నిగా నాకు ఆ చెయ్యి పట్టుకోవడంలో మరింత చనువు కనిపిస్తుంది.

మళ్ళీ మా ఇంటికి వస్తాను. వాళ్ళు ఉప్మా తిన్నారు, కాఫీ తాగారు. ఆవిడకు బొట్టు పెట్టి, తాంబూలంలో జాకెట్టు ముక్క పెట్టి ఇచ్చాను. వాళ్ళు తెచ్చిన జామకాయలు, చెమ్మ ఆరకుండా అరటాకులో చుట్టిన కనకాంబరాలు మా బల్ల మీద ఉన్నాయి. “వెళ్ళొస్తాం వదినా” అంది ఆవిడ. వెళ్తామని ఎవరూ అనరు. మన భాషలో ఇంటినుంచి కదిలే మాటలోనే తిరిగి రావడం కూడా ఉంది. మేమిద్దరం వాళ్ళతో ఆటో దొరికే దాకా వీధి చివరికి నడిచాం. ఆప్తులను నీటి ఒడ్డు దాకా సాగనంపి వెనక్కి తిరగాలని పాత ఆచారం. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకు అది రేవు. మాకు ఆ రోజు ఆటోస్టాండు.

అక్కడినుంచి ఇంటికి రెండు వందల అడుగులు ఉంటుందేమో. మేము ఆ కాస్త దూరం నడవడానికి పావుగంట పట్టింది. ఇంటికి వచ్చి నేను మూకుడు స్టవ్వు మీదినుంచి దించుకుని, వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. ఆయన అలవాటు ప్రకారం చెంచాతో వచ్చారు. నేను కూడా ఒక చెంచా తెచ్చుకున్నాను. మేమిద్దరం ఒకే మూకుడు అడుగు గీకుతూ, ఆ పిల్ల పేరేమిటని నేను అడిగితే తెలియదని ఆయన, ఎవరితో వెళ్ళిందంటే మేనమామ వచ్చి తీసుకెళ్ళాడని ఆయన, ఎన్నేళ్ళుంటాయంటే ఐదారేళ్ళని ఆయన చెబుతూ ఉంటే దీపాల వేళయింది. ఆ రోజు తులసికోట దగ్గర దీపం ఆలస్యంగా పెట్టాను. నేను చెబుతానన్న గంట అదే.

అతిథి అనే మాటకు తిథి లేనివాడని, అంటే ఫలానా రోజు వస్తానని చెప్పకుండా వచ్చేవాడని అర్థం చెబుతారు. ‘అతిథి దేవో భవ’ అన్న తైత్తిరీయోపనిషత్తే మరొక చోట, వసతి కోరి వచ్చిన ఎవరినీ కాదనకూడదని, అది ఒక వ్రతమని అంటుంది. ఈ మాటలు మనకు కంఠతా వచ్చు. అంతగా ప్రచారంలో లేనిది ఇంకొకటి ఉంది. మనుస్మృతిలో ఈనాడు మనం ఒప్పుకోలేని మాటలు చాలా ఉన్నాయి, వాటిని నేను సమర్థించను. కానీ మూడో అధ్యాయంలో గృహస్థుని భోజనం గురించి చెబుతూ, వచ్చిన అతిథులు, ఇంట్లో పనిచేసేవాళ్ళు అందరూ తిన్న తరువాత మిగిలినది దంపతులు తినాలని ఉంది. అక్కడ క్రియాపదం ‘భుంజీయాతాం’, ద్వివచనం. సంస్కృతంలో ఇద్దరికి విడిగా ఒక వచనం ఉంది, తెలుగులో లేదు. అతిథి వెళ్ళిన తరువాత మిగిలిన అన్నం దగ్గర భార్యాభర్తలు ఇద్దరూ ఉంటారని ఆ ఒక్క క్రియాపదం చెబుతోంది.

ఇక్కడ నేను ఒక మాట దాచకుండా చెప్పాలి. మా అమ్మ కాపురంలో ఆ ద్వివచనం నేను చూడలేదు. కోనసీమలో మాది మండువా లోగిలి. వీధి అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. మగవాళ్ళు ముందు తినేవారు, పిల్లలు తరువాత, మా అమ్మ మూడు గంటలకు చల్లారిపోయిన అన్నంలో ఆవకాయ కలుపుకుని గోడవైపు తిరిగి తినేది. మిగిలినది తిన్నది ఆవిడ ఒక్కతే. ఆ వేళకు మా నాన్నగారు పడక కుర్చీలో నిద్రపోతూ ఉండేవారు. అతిథి మర్యాదకు మన ప్రాంతం పెట్టింది పేరని ఎవరైనా అన్నప్పుడు నాకు గర్వంతో పాటు అమ్మ వీపు కూడా గుర్తుకు వస్తుంది. నా కాపురంలోనూ మొదటి ముప్పై ఏళ్ళు దాదాపు అంతే జరిగింది. చుట్టాలు వస్తే మావారు ముందు గదిలో, నేను పొయ్యి దగ్గర. వాళ్ళు వెళ్ళాక ఆయన అలసిపోయి పడుకునేవారు, నేను అలసిపోయి అంట్లు తోమేదాన్ని. చుట్టమంటే సంతోషమని అప్పట్లో నన్ను ఎవరైనా అడిగి ఉంటే అవుననేదాన్నే కానీ, అది పూర్తి నిజం అయ్యేది కాదు.

ఇంటికి వచ్చినవారికి పెట్టడమంటే మన గోదావరి వాళ్ళు ముందుగా తలచుకునేది డొక్కా సీతమ్మగారిని. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి, లంకల గన్నవరంలో, గోదావరి పాయ దాటి వచ్చీపోయే బాటసారులకు ఏ వేళ వచ్చినా అన్నం పెట్టింది. ఆవిడ ఒకసారి పల్లకీలో అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరితే, దారిలో ఆకలితో ఏడుస్తున్న పిల్లలను వాళ్ళ పెద్దలు “ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం వస్తే సీతమ్మగారు అన్నం పెడతారు” అని ఊరడించడం విని, పల్లకీని వెనక్కి తిప్పించిందని మా ఊళ్ళలో చెప్పుకుంటారు. గన్నవరం అక్విడక్టుకు ఆవిడ పేరు ఉంది, 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆవిడ పేరు పెట్టింది. ఆవిడ భర్త జోగన్నగారి గురించి మనం అంతగా మాట్లాడుకోము. సేద్యం చేసిన మనిషి ఆయన. అన్నదానానికి ధాన్యం పొలంనుంచే రావాలి కదా. ఆ పొయ్యి వెనుక ఒక నాగలి కూడా ఉండి ఉంటుందని, చివరి బాటసారి పడవ ఎక్కిన తరువాత ఆ ఇద్దరూ కూర్చుని ఏదో ఒకటి తిని ఉంటారని నేను అనుకుంటాను. ఇది నా ఊహ మాత్రమే.

మా ఇంట్లో మార్పు ఆయన రిటైరయిన 2015 తరువాత వచ్చింది, అదీ పెద్ద నిర్ణయంగా కాదు, కాఫీతో. ఒక సాయంత్రం ఎవరో వచ్చినప్పుడు నేను పెరట్లో బట్టలు తీస్తున్నాను. వచ్చి చూస్తే ఆయన ఇత్తడి ఫిల్టరు పై గిన్నెలో పొడి వేసి, పైన నొక్కుడు బిళ్ళ పెట్టి, మరిగిన నీళ్ళు కొద్దికొద్దిగా, చెయ్యి వణక్కుండా పోస్తున్నారు. నేను ఎప్పుడూ ఒక్కసారి పోసేసి మూత పెట్టేదాన్ని. ఆయన మూడు విడతలుగా పోసి, మధ్యలో ఆగి, చుక్క పడే చప్పుడు వినడానికి చెవి దగ్గరగా పెట్టారు. ఆ డికాక్షన్ నాదానికన్నా చిక్కగా వచ్చింది. ఆనాటినుంచి మా ఇంటికి ఎవరు వచ్చినా కాఫీ ఆయనది, పలహారం నాది. దానివల్ల ఆయనకు వంటింట్లో, నాకు ముందు గదిలో చోటు దొరికాయి. వచ్చినవాళ్ళతో నేనూ కూర్చుని మాట్లాడుతున్నాను కనుకనే, వాళ్ళు వెళ్ళాక మా ఇద్దరికీ కలిపి చెప్పుకోవడానికి సంగతులు మిగులుతున్నాయి.

ఈ రోజుల్లో ఎవరూ చెప్పకుండా రావడం లేదని పెద్దవాళ్ళు బాధపడుతూ ఉంటారు. నేను ఆ బాధలో పూర్తిగా కలవలేను. ముందు ఫోను చేయడం ఇల్లాలి మీద దయ చూపడమే. వెనుకటికీ ఉత్తరాలు ఉండేవి. ఫలానా రోజు వస్తున్నామని రాసిన కార్డు, మనుషులు వచ్చి, మూడు రోజులుండి, వెళ్ళిన తరువాత పోస్టుమాన్ తెచ్చి ఇచ్చిన సందర్భాలు మా ఇంట్లోనే ఉన్నాయి. నన్ను కష్టపెట్టేది వేరే. ఫోను చేసిన మనిషి, “ఎందుకులెండి, మీకు శ్రమ” అని ఆ ఫోనులోనే మాట్లాడేసి పెట్టేయడం. శ్రమ ఉన్న మాట నిజం. మోకాళ్ళ నొప్పులతో పది మందికి వండలేను. కానీ గ్లాసు రవ్వ, నాలుగు గ్లాసుల కాఫీ శ్రమ అనిపించని వయసులోనే మేము ఇంకా ఉన్నాం. అంతకూ ఓపిక లేని రోజున వీధి చివరి దుకాణంలో జంతికలు దొరుకుతాయి, ఆత్రేయపురం పూతరేకులు డబ్బాలో ఉంటాయి, అవి పెట్టినా ఎవరూ చిన్నబుచ్చుకోరు.

రెండేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళి ఐదు నెలలు ఉన్నాను. అక్కడి మన తెలుగు పిల్లలు వారాంతంలో ఒకరింట్లో చేరతారు. ఒకరు పులిహోర, ఒకరు గుత్తివంకాయ, ఒకరు పెరుగన్నం తెస్తారు, కాబట్టి ఏ ఒక్క ఇల్లాలి నడుమూ విరగదు. గుమ్మం దగ్గర ఇరవై జతల చెప్పులు చూస్తే మా కోనసీమ అరుగు గుర్తుకు వచ్చింది. రాత్రి పదకొండు దాటాక అందరూ వెళ్ళిపోయారు. నేను పై గదిలో పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. కింద మా అల్లుడు గిన్నెలు కడుగుతూ, మా అమ్మాయి వాటిని సర్దుతూ, ఫలానావాళ్ళ పిల్లవాడు ఎంత పొడుగయ్యాడో, ఫలానా ఆవిడ ఎందుకు దిగులుగా ఉందో చాలాసేపు చెప్పుకున్నారు. వారమంతా ఆ ఇద్దరూ ల్యాప్‌టాప్‌ల ముందు ఎవరి గదిలో వాళ్ళు ఉంటారు. ఆ రాత్రి వాళ్ళ గొంతులు వింటూ నేను హాయిగా పడుకున్నాను.

మొన్న సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒక ఆదివారం మేమిద్దరం ప్యాసింజరు ఎక్కి సామర్లకోట వెళ్ళాం. భీమేశ్వరస్వామి దర్శనం చేసుకుని, ఫోను చేయకుండా ఆ స్నేహితుడి ఇంటికి నడిచాం. తలుపు తీసిన ఆవిడ మమ్మల్ని చూసి, లోపలికి తిరిగి, “ఏమండీ, ఎవరొచ్చారో చూడండి” అని ముందు, “రవ్వ ఉందో లేదో చూడండి” అని వెంటనే అంది. ఆ రోజు మావారి సంగతులు వాళ్ళు చెప్పినట్టే, ఆ స్నేహితుడి సంగతి ఒకటి మావారు చెప్పారు. అది ఆయన భార్య వంటింట్లో గరిట ఆపి విన్నదని నాకు తెలుసు, ఎందుకంటే పోపు చప్పుడు ఆగిపోయి, కాస్సేపటికి కొద్దిగా మాడిన వాసన వచ్చింది. సంగతేమిటో ఈ సభలో నేను చెప్పకూడదు, అది వాళ్ళది.

రైలు వేళకు వాళ్ళు వీధి మలుపు దాకా వచ్చి సాగనంపారు. ఆటో కదిలిన తరువాత నేను వెనక్కి తిరిగి చూశాను. ఇద్దరూ ఇంటివైపు నడుస్తున్నారు, చాలా నెమ్మదిగా. ఆవిడ ఏదో అడుగుతోంది, ఆయన తల వంచుకుని చెబుతున్నాడు.

నమస్కారం.